పిలుపు తోవలో లేని ఇల్లు

మా డ్రిల్లు సారు పోయారు. రెండు వారాల కిందట ఒక తెల్లవారుజామున, నిద్రలోనే.

ఆ కబురు తెచ్చింది పడవాయన. గోదావరి మీద పడవ నడుపుకునే మనిషి. మా బడి స్కౌటు పిల్లలు ఏటి ఒడ్డున ఏ పని పెట్టుకున్నా వాళ్ళకు అండ ఆయనే. నేను వాకిట్లో పళ్ళు తోముకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ వచ్చే ఆదివారం పిల్లల్ని అవతలి ఒడ్డుకు తీసుకుపోయే పని ఉండింది. దాని గురించే వచ్చాడనుకొని, నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంచుకొని, "ఆదివారం ముచ్చటేనా? పొద్దుగూకినంక నేనే ఒద్దామనుకుంటున్న, పిలువనీకి" అన్నాను.

"పిలుపు ముచ్చట గాదు సార్. పెద్దసార్ ఇగ లేరు" అన్నాడు.

మంథనిలో పిలుపు వేరు, కబురు వేరు. పెళ్ళికైనా, బోనాలకైనా, బడిలో జెండా పండుగకైనా ఎవరో ఒకరు ఇంటిదాకా వచ్చి నోటితో పిలవాలి. సంగతి ఊరందరికీ తెలిసినదైనా సరే, పిలవనిదే గడప దిగరు. చావుకు మాత్రం పిలుపు ఉండదు. కబురు చెవిన పడితే చాలు, చేతిలో ఉన్న పని అక్కడే వదిలి పోవాలి. ఆ పొద్దు ఊరు అట్లాగే కదిలింది. నేనూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ నడిచాను. ఆయన ఇంటికి నేను చివరిసారి ఎప్పుడు పోయానా అని దారి పొడుగునా ఆలోచించాను. గుర్తు రాలేదు. మా ఇంటికీ ఆయనింటికీ మధ్య ఉన్నవి రెండు గల్లీలే.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇంతకంటే బాగా రాస్తారు. కానీ ఆయన పెంచిన స్కౌటు దళాన్ని ఆయన తర్వాత చేతిలోకి తీసుకున్నవాణ్ణి నేను. ఆయన మీద గౌరవంతో ఎంత రాస్తున్నానో, నా మీద నాకున్న కోపంతోనూ అంతే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

నేను కరీంనగర్ నుంచి సైన్సు పంతులుగా బదిలీ మీద ఇక్కడికి వచ్చేసరికి ఆయన నౌకరీ చివరికొచ్చింది. నిజాం కాలం నుంచీ ఆ బడిలోనే డ్రిల్లు సారు. పోలీసు చర్య తర్వాత బడిలో పుస్తకాలు మారాయి, భాష మారింది, గోడ మీది పటాలు మారాయి. ఆయన మైదానంలో అరిచే అరుపులు మాత్రం చాలాకాలం ఉర్దూలోనే ఉండిపోయాయి. పొట్టి మనిషి. ఖాకీ అంగీ, ఖాకీ లాగు, మెడకు రుమాలు, చేతిలో ఎండకూ వానకూ ఒకటే గొడుగు. ముక్కుపొడి అలవాటు. కోపం ముక్కు మీదే ఉండేది, తుమ్ము దాని పక్కనే ఉండేది. పిల్లల్ని తిడుతూ తిడుతూ మధ్యలో తుమ్మేవారు. తుమ్మాక దేనికి తిడుతున్నారో మరిచిపోయి, "ఎక్కడిదాంక ఒచ్చిన్నురా?" అని తిట్లు తింటున్నవాణ్ణే అడిగేవారు.

నిజం చెప్పాలంటే, స్కౌటు విద్యల్లో ఆయన అంత గట్టివాడు కాదు. తాడు ముడులు సరిగ్గా వచ్చేవి కావు. పిల్లలందరి ముందు ముడి వేసి, చూడండిరా అని లాగితే ఊడి చేతికొచ్చేది. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. ఆయన తాడు అవతల పడేసి, "ఇది నాకు ఒస్తలేదురా. పడవాయనకు ఒస్తది. రేపు తోల్కొస్త" అనేవారు. తెల్లారి పడవాయన మైదానంలో పిల్లల మధ్య గొంతుక్కూర్చొని ముడులు నేర్పుతుండేవాడు. గాయానికి కట్టు కట్టడం నేర్పాలంటే దవాఖానా కంపౌండరు వచ్చేవాడు. రుమాళ్ళు, జెండాలు, గుడారం చిరుగులు కుట్టడానికి బస్టాండు దగ్గరి దర్జీ భాయి. ఆయనకు రానిదల్లా ఊళ్ళో ఎవరికో ఒకరికి వచ్చి ఉంటుందని ఆయన నమ్మకం. వాళ్ళను తోలుకొచ్చే పని తనది.

"పంతుళ్ళు బదిలీ అయితరు పంతులూ. ఊరు బదిలీ గాదు" అన్నారు నాతో మొదటి వారమే. "నీయసొంటోళ్ళు ఎందరొచ్చిన్రో, ఎందరు వోయిన్రో! పక్క ఊర్లల్ల జూడు, సారు పెట్టె సదురుకున్ననాడే స్కౌటు గూడ బంద్ అయితది. ఊరోళ్ళు పట్టుకున్నదైతే నడుస్తది."

అది పెద్ద మాట అని అప్పుడు నాకు తట్టలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

చాదస్తం అనుకోవడానికి కారణం ఉంది. పిల్లలతో బయట ఏ పని పెట్టుకున్నా, అంతకు ముందునాటి సాయంత్రం గొడుగు పట్టుకొని పిలుపులకు బయలుదేరేవారు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయారు. ప్రతి ఇంటి దగ్గరా గొడుగు పిడితో గుమ్మానికి రెండు దెబ్బలు. లోపలి నుంచి ఎవరో వచ్చేవారు. అరుగు మీద కూర్చోవడం, గేదె ఈనిందా, పెద్దపల్లిలో కొడుక్కు నౌకరీ దొరికిందా, ఈసారి వడ్లు ఎట్లున్నాయి. ఈలోగా చాయ్ వచ్చేది. పిలవడానికి వచ్చిన మనిషి నోరు తడపకుండా పోవద్దు, అది ఇక్కడి మర్యాద. అన్నీ అయ్యాక లేచి నిలబడి అసలు మాట చెప్పేవారు. "రేపు మీరు లేకుంటే నడ్వది. రావాలె." అంతే. ఆ మాట కంపౌండరుకూ అదే, పడవాయనకూ అదే, దర్జీ భాయికీ అదే. అన్ని ఇళ్ళలో అన్ని చాయ్‌లు తాగి ఆయన పొట్ట ఎట్లా తట్టుకునేదో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం మూడో ఇంటికే కడుపులో తిప్పింది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "సార్, రేపు పని ఉన్నదని అందరికీ ఎరుకే గద. మళ్ళ ఇల్లిల్లు తిరుగుడెందుకు?"

"పెండ్లి తారీకు ఎరుకేనని పిలువనిది పోతవా పంతులూ?"

"మరి అందరికీ ఒకటే మాట చెప్తున్నరు. మీరు లేకుంటే నడ్వదని. అది అబద్ధం గాదా?"

ఆయన ఆగి, ముక్కుపొడి పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకొని అన్నారు. "అబద్ధమెట్లయితది? ఏ ఒక్కరు రాకున్నా నడ్వది. నడ్సినట్టు కనవడ్తది గని, నడ్వది."

మరుసటి ఏడు ఆయన రిటైర్ అయ్యారు. సీటీ నా మెడలో వేసి, "ఊది సూడు" అన్నారు. ఊదాను. "గట్టిగ లేదు. నేర్సుకుంటవు తియ్యి" అన్నారు. అంతకంటే పెద్ద వీడ్కోలు ఆయన కోరుకోలేదు, మేమూ చేయలేదు.

ఇక నేను మొదలుపెట్టాను. ఊరి సాయం అనేది ఒక ముసలాయన కాళ్ళ మీద ఆధారపడకూడదు, దానికొక పద్ధతి ఉండాలి అని నా పట్టుదల. నా చేతిరాత బాగుంటుందని నాకు పొగరు కూడా ఉండేది. శివరాత్రి స్నానాలకు మా పిల్లలు గోదావరి ఒడ్డున సేవ చేయడం ఏటేటా జరిగే పని. ఆ శివరాత్రికి పెద్ద కాగితాల మీద ఎర్ర సిరాతో గీతలు గీసి, ఎవరికి ఏ డ్యూటీ, ఏ వేళకు, ఎక్కడ అని పేరుపేరునా రాశాను. బడి గోడ మీద ఒకటి, బస్టాండు గోడ మీద ఒకటి, చావడి గోడ మీద ఒకటి అంటించాను. డ్రిల్లు సారును పిలిచి చూపించాను కూడా. "ఇగ మీరు తిరుగుడు బంద్ జెయ్యున్రి సార్. మోకాళ్ళు నొస్తయి. చదువుకున్నోడు చదువుకుంటడు, రానోనికి పక్కోడు చెప్తడు."

ఆయన కండ్లద్దాలు ముక్కు మీదికి లాక్కొని మొత్తం చదివారు. "అక్షరాలు ముత్యాలోలె ఉన్నయి" అన్నారు. గొడుగు చంకలో పెట్టుకొని వెళ్ళిపోయారు.

శివరాత్రి పొద్దున, గోడ మీద పేరున్నవాళ్ళలో ఒక్కరూ రేవుకు రాలేదు.

జనం మాత్రం విరగబడి వచ్చారు. వాళ్ళను చూసుకోవడానికి నేనూ, పిల్లలూ. కట్టు కట్టడానికి కంపౌండరు లేడు. నీళ్ళలో అడ్డుగా పడవ నిలపాల్సిన చోట పడవ లేదు. నేను సీటీ ఊదుతూ అటూ ఇటూ పరుగెత్తుతున్నాను, ఎవరిని తిట్టాలో తెలియక పిల్లల్ని తిడుతున్నాను. పొద్దు కొంచెం ఎక్కాక ఒక ముసలమ్మ స్నానం చేస్తూ చేస్తూ మడుగు వైపు జారింది. అక్కడే నిలబడ్డ మా స్కౌటు పిల్లవాడొకడు, నా మాట కోసం ఆగకుండా, మెడలో రుమాలుతోనే నీళ్ళలోకి దూకాడు. వాడికి ఈత అంతంతే. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని మునుగుతున్నారు. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అరుస్తున్నాను. సైన్సు పంతులుకు ఈత రాదు.

ఎక్కడి నుంచి వచ్చాడో, పడవాయన వచ్చాడు. రెండు బారల్లో వాళ్ళను అందుకొని ఒడ్డుకు లాక్కొచ్చాడు. పిల్లవాడు నీళ్ళు కక్కి ఏడ్చాడు. ముసలమ్మ వాడి తల నిమురుతూ తనూ ఏడ్చింది. నేను పడవాయన మీద విరుచుకుపడ్డాను. "ఇంతసేపు ఎటు వోయినవయ్యా? గోడ మీద నీ పేరు రాసి పెట్టలేదా?"

అతను తడి పంచె పిండుకుంటూ నిమ్మళంగా అన్నాడు. "నన్నెవరు పిలువలే సార్. మా ఇంటోళ్ళతోని తానానికొచ్చిన."

ఆ సాయంత్రం డ్రిల్లు సారు ఇంటికి పోయాను. సంగతి అప్పటికే ఆయనకు చేరింది. అరుగు మీద నిలబడి ఉన్నారు. నన్ను అంత మాట ఎవరూ అనలేదు, ఆ తర్వాత కూడా. "పిల్లగాన్ని నీళ్ళల్ల కలిపేటోనివి గదరా! వాని అవ్వకు ఏం జెప్తువు? గోడ జూపిస్తువా?" అన్నారు. తుమ్ము రాలేదు. మధ్యలో ఆగలేదు. నేను తల వంచుకొని నిలబడ్డాను. అరుపు అయిపోయాక లోపలికి పోయి గొడుగు తెచ్చుకొని, "నడువు" అన్నారు.

ఇంటింటికీ తిప్పారు. పిలవడానికి కాదు, అడగడానికి. కంపౌండరు నన్ను కూర్చోమని కూడా అనలేదు. "డ్యూటీ అని రాసినవు పంతులూ. డ్యూటీ నేను దవాఖానల జేస్త, దానికి జీతమిస్తరు. నీ పిల్లలకు నేను జేసేది డ్యూటీయా?" అన్నాడు. దర్జీ భాయి మాత్రం తిట్టలేదు. మిషను మీది బట్ట సర్దుతూ, "పేరు గోడకెక్కిందని మా అమ్మ రెండు పూటలు రొట్టె ముట్టలే సాబ్" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. పాత రోజుల్లో చావడి గోడ మీద పేరు రాశారంటే శిస్తు బకాయి, ఆ తర్వాత జప్తు. ఇంట్లో గిన్నెలు వీధిలోకి వచ్చేవి. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ గోడ మీది పేరు అంటే అదే. దర్జీ భాయి తల్లికి అంతకు మించిన, పోలీసు చర్య నాటి భయమేదో కూడా ఉన్నట్టుంది. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. నేను కరీంనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణే, నాకీ ముచ్చట తెలియనిది కాదు. నా అక్షరాల అందంలో మరిచిపోయాను.

తిరిగి వస్తూ అడిగాను. "సార్, మీకు ముందే ఎరుక గద. ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. తర్వాత, "కుర్సీ దిగినోడు అడుగంది మాట్లాడొద్దు పంతులూ. గది నా పద్ధతి. గని ఇయ్యాళ పిల్లగాని ముచ్చట ఇన్నంక, చెప్తే మంచిగుండు అనిపిస్తుంది" అన్నారు. తప్పంతా నాదైతే ఆయన సగం తీసుకున్నారు. ఆయన స్వభావమే అంత.

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇద్దరం కలిసి తిరిగాం. ఏ గల్లీ నుంచి ఏ గల్లీకి మళ్ళాలి, ఎవరింట్లో ముందు ఎవరిని పలకరించాలి, ఎవరింట్లో కొడుకు పేరు ఎత్తకూడదు, అన్నీ నేర్పారు. గుమ్మానికి రెండు దెబ్బలు కొట్టడం నా చేతికి వచ్చింది. "మీరు లేకుంటే నడ్వది" అనేటప్పుడు మొదట్లో నవ్వు వచ్చేది. పోనుపోను నవ్వు పోయింది. కంపౌండరు మళ్ళీ వచ్చాడు. దర్జీ భాయి వచ్చాడు, వెంట తన చిన్న తమ్ముణ్ణి కూడా తెచ్చాడు. మరుసటి శివరాత్రికి రేవులో పడవ అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద పడవాయన, పక్కన ఖాకీ అంగీలో డ్రిల్లు సారు. నాకంటే గట్టిగా అరుస్తూ.

ఆ తర్వాత ఆయన మోకాళ్ళు నిజంగానే మొరాయించాయి. "ఇగ నువ్వే వోయి రా పంతులూ. తోవ నేర్సుకున్నవు గద" అన్నారు. నేను పోయాను. అదే తోవ, అవే ఇళ్ళు, అదే మాట. ఊరి సాయం ఏటేటా పెరిగింది. కరీంనగర్‌లో స్కౌటు మాస్టర్ల శిబిరం పెట్టినప్పుడు, మీ ఊళ్ళో ఇంతమంది ఎట్లా ముందుకొస్తున్నారో చెప్పమని నన్ను నిలబెట్టారు. చెప్పాను. చావడి గోడ మీది కాగితం సంగతి చెప్తే అందరూ నవ్వారు. ఇల్లిల్లూ తిరిగి పిలవడం గురించి చెప్తే ఆదిలాబాద్ నుంచి వచ్చిన మరాఠీ మాస్టరొకాయన లేచి, "గురూజీ, ఇది మా దగ్గర గూడ నడిపిస్తం" అని నా చేతులు పట్టుకున్నాడు. నాకు కడుపు నిండింది. ఈ తోవ నాకు చూపించింది ఫలానా మనిషి అని ఆ సభలో చెప్పినట్టు నాకు గుర్తు లేదు. చెప్పి ఉంటే గుర్తుండేది. ఊరికొచ్చాక ఆయన అరుగు దాకా పోయి, మీ పద్ధతి ఆదిలాబాద్ పోతోంది సార్ అని ఒక్క మాట చెప్పినా ఎంత సంబరపడేవారో. పోవాలనుకున్నాను. పరీక్షలు వచ్చాయి.

మోకాళ్ళ నొప్పి వల్లే ఆయన మైదానానికి రావడం లేదని నేను అనుకున్నాను. అందరూ అట్లాగే అనుకున్నారు, ఎందుకంటే అడిగినవాళ్ళందరికీ నేనే చెప్పాను. ఒక శివరాత్రికి పడవాయన, "పెద్దసార్ రాలేదేంది?" అని అడిగితే, "మోకాళ్ళు" అన్నాను. ఆ రోజే మధ్యాహ్నం ఆయన్ను రేవులో చూశాను. ఖాకీ లేదు. అందరిలాగా పంచె, భుజాన తువ్వాలు, భార్యతో కలిసి స్నానానికి వచ్చారు. మెట్లు తన కాళ్ళతోనే దిగారు. దూరం నుంచి మా పిల్లల్నీ, పడవనూ, కట్లు కట్టే కంపౌండరునూ చూస్తూ కొంతసేపు నిలబడ్డారు. నేను చెయ్యి ఊపాను. ఆయనా ఊపారు. ఇంతలో ఎవరో తప్పిపోయిన పిల్లను తీసుకొచ్చారు, నేను అటు తిరిగాను. మళ్ళీ ఇటు చూసేసరికి ఆయన లేరు.

కాటి నుంచి వచ్చిన మూడో రోజు, పలకరిద్దామని ఆ ఇంటికి పోయాను. మా ఇంటావిడ కూడా వచ్చింది. సారు భార్యను మేము పెద్దమ్మా అంటాం. గోడకానుకొని కూర్చొని ఉంది. మా ఇంటావిడ ఆమె పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మోకాళ్ళ నొప్పులతోని శాన తిప్పలువడ్డరు పాపం" అన్నాను.

"నొప్పులా?" అంది ఆమె. "నొప్పులు ఒక చలికాలమే గద బిడ్డా. మందు వెడితే తక్కువాయె. గోదారి దాంక నడిసొస్తుండె."

 మా ఇంటావిడే అడిగింది. "మరి మైదానం దిక్కు ఒస్తలేకుండె, ఎందుకు పెద్దమ్మా?"

"ఎట్లొస్తడు? పిలువకపాయిరి గద."

ఆమె గొంతులో కోపం లేదు. తెలియనివాళ్ళకు సంగతి చెప్పినట్టే చెప్పింది. "మొదాట మొదాట నేనే అన్న, నువ్వు వెట్టిందే గద, నీకెందుకు పిలుపు, వో అని. 'ఊరందరిని పిలుసుకుంట తిరిగినోన్ని, పిలువంది ఎట్ల వోదు?' అనె. మీరు పిలుపులకు తిరిగేనాడు ఎట్లనో తెలుస్తుండె ఆయనకు. ఖాకీ అంగి తీపిచ్చుకొని, ఉతికిందే మళ్ళ దులిపి తొడుక్కొని అరుగు మీద కూసుంటుండె. ఏందని అడిగితే 'గాలికి' అంటుండె. నువ్వు గల్లీ మలిగినవంటే లేసి నిలవడుతుండె. నువ్వు చెయ్యి లేపి కంపౌండర్ ఇంటి దిక్కు పోతుంటివి. 'పంతులుకు తొందరున్నట్టున్నది. మల్లొచ్చేటప్పుడు ఒస్తడు గావొచ్చు' అనుకుంట చీకటి పడేదాంక కూసుంటుండె."

"నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గద పెద్దమ్మా" అన్నాను. 

"చెప్తనంటి. ఒద్దనె. 'అడిగి పిలిపిచ్చుకుంటే అది పిలుపయితదా?' అనె."

అప్పుడు నాకు కళ్ళ ముందు కదిలింది. గల్లీ మలుపు, అరుగు మీద ఖాకీ అంగీ, లేచి నిలబడ్డ ఆ పొట్టి మనిషి. ఎన్నిసార్లు చూశానో! గాలికి కూర్చున్నారు అనుకున్నాను. పెద్దమనిషి, నన్ను చూసి మర్యాదకు లేచారు అనుకొని మనసులో కొంచెం పొంగాను కూడా. చెయ్యి లేపి, నవ్వి, కంపౌండరు ఇంటికి మళ్ళాను.

ఎందుకు మళ్ళాను? ఆయనంటే లెక్కలేక కాదు. మరిచిపోయీ కాదు. ఇది నాకు నేనే వందసార్లు అడుక్కుంటే దొరికిన జవాబు. ఆయన నాకు నేర్పిన తోవ ఆయన ఇంటి నుంచి మొదలవుతుంది. ఆయన అరుగు దిగి గొడుగు పట్టుకొని నడిచిన తోవ అది. అందులో ఊళ్ళోని అన్ని ఇళ్ళూ ఉన్నాయి, ఆయన ఇల్లు ఒక్కటే లేదు. తనను తాను ఎవరు పిలుచుకుంటారు? నేను ఆ తోవలో తప్పిపోకుండా, ఒక్క గుమ్మం వదలకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు నడిచాను. గురువు చెప్పినదాంట్లో లేని ఇల్లు నాకు కనపడలేదు. గోడ మీద కాగితం అంటించినప్పుడు చేసిన తప్పుకు మందలించడానికి ఆయన ఉన్నారు. ఈ తప్పుకు ఆయన నోరు విప్పలేదు. కుర్సీ దిగినవారు.

కంపౌండరుకు ఈ సంగతి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "మనల్ని పిలుసుకుంట తిరిగినోడు. ఒక్కడన్న ఆయన్ని పిలిసినమా?" అన్నాడు. ఊళ్ళో ఇంకా చాలామంది అదే మాట అన్నారు. పదిమంది పంచుకుంటే తగ్గుతుందేమో అనుకున్నాను. నా వంతు తగ్గలేదు. ఎందుకంటే పిలవాల్సిన పని నాది.

దినాలు అయిపోయాయి. ఆగిన పనులు మళ్ళీ మొదలయ్యాయి. పిల్లలు ఏటి అవతలికి ఎప్పుడు పోదాం సార్ అని అడగడం మొదలుపెట్టారు. నిన్న సాయంత్రం గొడుగు పట్టుకొని బయలుదేరాను. గల్లీ మలిగాను. కంపౌండరు ఇంటి వైపు కాక, ఆ అరుగు వైపు నడిచాను. గొడుగు పిడితో గుమ్మానికి రెండు దెబ్బలు కొట్టాను. లోపల వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ దెబ్బలు ఎవరివిగా వినపడ్డాయో నాకు తర్వాత తట్టి, నా చెయ్యి విరిగినా బాగుండేదనిపించింది.

పెద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. ఏం మాట్లాడాలో ముందే అనుకొని పోయాను, ఒక్కటీ రాలేదు. నాకు అలవాటైన మాటే వచ్చింది.

"రేపు పిల్లలను తీస్కొని ఏటి అవుతలికి పోతున్నం పెద్దమ్మా. మీరు లేకుంటే నడ్వది. రావాలె."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఆయన లేకుంట నడ్సింది గద బిడ్డా" అంది.

 ఆమె నన్ను దెప్పినట్టు లేదు. కొంగు సర్దుకొని, "కూసో. చాయ్ వెడ్త. పిలువనొచ్చినోనివి, ఉత్త నోటితోని పోతవా?" అని లోపలికి పోయింది.

అరుగు మీద కూర్చున్నాను. అక్కడ నేను కూర్చోవడం అదే మొదటిసారి. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినపడుతోంది. చేతిలో గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకొని తల ఎత్తాను. అక్కడి నుంచి గల్లీ మలుపు దగ్గర మొదలై, ఎదురుగా కంపౌండరు ఇంటి గుమ్మం దాకా, తోవ మొత్తం కనపడుతోంది.